రెండు నిమిషాల పద్నాలుగో సెకను

ఆదివారం రాత్రి. టీ ఎప్పుడో చల్లారింది.
ఇరవై ఆరు వీడియోలు అయ్యాక
ఇరవై ఏడోది కెస్టర్‌ది.
గ్రైమ్ పాట. మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు.
పక్కన మార్కుల కాగితం, దాని నిండా గళ్లు.
మొదటి గడి అడుగుతుంది:
ఈ కోవ వీడియోలో ఉండవలసినవి ఉన్నాయా?

ఉండవలసినవి నాకు కంఠతా వచ్చు,
పదకొండేళ్లుగా అదే పాఠం.
రాత్రి వేళ ఎత్తైన ఫ్లాట్లు,
కింది నుంచి పైకి చూసే కెమెరా,
పాడేవాడి వెనక పదిహేను మంది,
పొగ, తలుపులు తెరిచి నిలిపిన నల్ల కారు.
దరువు పడ్డచోటే కోత పడాలి,
పద్యంలో యతి పడ్డట్టు.

కెస్టర్ దగ్గర కారు లేదు.
వాళ్ల నానమ్మ తిరిగే బ్యాటరీ బండి ఉంది,
ఎర్రది, ముందు బుట్టతో.
బుట్టలో తీయడం మరిచిన బ్రెడ్డు పొట్లం.
దాని మీద కూచుని రీగన్
గంటకు నాలుగు మైళ్ల వేగంతో
గ్రిమ్స్‌బీ చేపల రేవు గోడ వెంట
లోకాన్ని బెదిరించుకుంటూ వస్తాడు.

వెనక పదిహేను మంది లేరు, ఇద్దరు.
ఒకడు చలికి గంతులేస్తున్నాడు.
ఇంకొకడు కాసేపు మాయమై
తర్వాతి షాట్‌లో తిరిగొస్తాడు, చేతిలో చిప్స్‌తో.
రాత్రీ కాదు, మధ్యాహ్నం.
ఉతికి ఆరేయని గోనెపట్టాలా ఆకాశం.
పొగ బదులు హంబర్ మీంచి వచ్చే మంచు,
అదొక్కటీ ఉచితం.
పెదవులు పాట కన్నా అర సెకను వెనక.

తర్వాత వాడు రాసుకున్న సమీక్ష తెరిచాను.
కారు వాడకుండా సంప్రదాయాన్ని సవాలు చేశాడట.
గుంపును తగ్గించి సవాలు చేశాడట.
పగటిపూట తీసి సవాలు.
పెదవులు కలవకపోవడం కూడా
ప్రేక్షకుణ్ణి కావాలని ఇబ్బంది పెట్టడమేనట.
కింద పడ్డా పైచేయి వాడిదే!

నవ్వాను గానీ
ఆ మాట నేర్పింది నేనే.
అక్టోబరులో బోర్డు మీద రాశాను:
పాటించండి, లేదా సవాలు చెయ్యండి.
చేతిలో ఉన్నదాంతో ఎలాగో నెట్టుకురావడం
మూడోది. దానికి గడి లేదు.

రెండు నిమిషాల పద్నాలుగో సెకను దగ్గర
వీడియో ఆపాను.

హుడీ కళ్లదాకా లాక్కుని రీగన్
శత్రువుల లెక్క చెబుతున్నాడు.
అంతలో ఫ్రేము అంచున తెల్ల రబ్బరు బూట్లు,
జుట్టుకు నీలం వల.
చేపల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టుకు వెళుతూ ఒకామె
ఆగింది. ఏదో అంది.
పాట హోరులో వినబడదు.
మా అమ్మకు చెవుడు, పెదవులు చదవడం నాకు చిన్నప్పుడే వచ్చు.
జిప్పు పెట్టుకో, అంది.
రీగన్ పాట మరిచాడు.
గడ్డం దాకా జిప్పు లాక్కున్నాడు.
ఆమె వెళ్లాక మళ్లీ రౌడీ అయ్యాడు,
అయితే ఈసారి కాస్త వెచ్చగా.

సమీక్ష ఆఖర్న చిన్న అక్షరాలతో:
"అక్కడ రీగన్ వాళ్లమ్మ అడ్డొచ్చింది. అది పొరపాటు.
కోసేద్దామనుకున్నాను. కోయలేకపోయాను.
ఎందుకో తెలీదు. సారీ మిస్."
మొత్తం సమీక్షలో
సవాలు అన్న మాట లేని పేరా అదొక్కటే.

ఇరవైకి పదకొండు వేశాను.
లింకన్ నుంచి వచ్చే పరిశీలకుడు
ఆధారం ఏదీ అని తొమ్మిది చేస్తాడు.
చేయనీ.

ఇరవై ఎనిమిదోది పాప్ పాట.
గులాబీ లైట్లు, ఒకే రంగు జాకెట్లు,
తప్పని ఒక్క అడుగు, తప్పని ఒక్క కోత.
గళ్లన్నీ నిండిపోయాయి, అయిదు నిమిషాల్లో.
నేను మాత్రం
ఫ్రేము అంచు వైపే చూస్తూ కూచున్నాను,
ఎవరైనా వస్తారేమోనని.