పదకొండు మూరలు

తాళ్ళరేవులో, చెక్కపొట్టు తేలే పాయ గట్టున
మా నావని బోర్లించారు.
దాని పొట్ట చూడటం నాకదే మొదలు.
నాచు, ఆల్చిప్పలు, ఒకచోట నాన్న కొట్టిన డబ్బారేకు,
దానిమీద సగం చెరిగి 'వేరుశనగ' అన్న అక్షరాలు.

అప్పలాచారి దగ్గర టేపుంది. వాడడు.
ముళ్ళేసిన దారంతో కొలుస్తాడు.
"పదకొండు మూరలు. మీ తాత మూర, నీది కాదు."
పాలిటెక్నిక్ సెలవుల్లో నేను గీసిన కాగితం
గాలికి లేవకుండా ఆయన మోకాలి కింద ఉంది.
చూశాడో లేదో తెలీదు.

అందులో నేను రాసింది:
టేకు పలకలు ఉంచాలి, వాటిమీద ఫైబర్ పొర.
సరుగుడు వాసం తీసేసి అల్యూమినియం గొట్టం.
అడుగు దూలం బరువు మూడోవంతు తగ్గాలి.
తెరచాపని ఒక్క మనిషి, అంటే అమ్మ,
ఒంటిచేత్తో దించగలగాలి.
ఈ ఆఖరి మాట కింద రెండు గీతలు.

ఎందుకంటే, అయిదేళ్ళ కిందట
భైరవపాలెం మొగలో గాలి అడ్డం తిరిగినప్పుడు
నాన్న చెయ్యి గిలకలో పడింది.
చాప దిగదు, నావ ఆగదు.
అమ్మ చేపలు కోసే కత్తితో తాడు తెగ్గోసింది.
అప్పట్నుంచి నాన్న వేళ్ళమీద లెక్కపెడితే
ఎనిమిది దగ్గర ఆగి, మళ్ళీ మొదలెడతాడు.

"నడిమధ్యలో చీలిక తీసి ఒక పలక దించుదాం,
పక్కగాలికి నావ జారిపోదు," అన్నాను.
"నావకి మనమే చిల్లు పెట్టుకుందామంటావు!"
నాన్న నవ్వాడు. చుట్ట ఆరిపోయేంతసేపు.
"ఇసుకమేట తగిల్తేనో?" అన్నాడు ఆచారి.
"తగిలితే దానంతటదే పైకి లేస్తుంది. కీలుంటుంది."
ఆయన చెవి సందున పెన్సిలు తీసి
చాలాసేపు చెక్కని గోకాడు.
"మరి ఆ కీలు సంగతి కాగితంలో రాయలేదేం?"

పాత వాసం పెకలించిన రోజు
దాని కాలికింద గుంటలో రూపాయి కాసుంటుందని
తమ్ముడు లోవరాజు చెయ్యి పెట్టాడు.
కుట్టుమిషను బాబిను వచ్చింది, పాచిపట్టి.
దానికింకా నాలుగు చుట్లు తెల్లదారం.
పిండిసంచులు కలిపి మొదటి చాప కుట్టింది
నాయనమ్మ నరసాయమ్మేనని అందరికీ తెలుసు.
దీన్ని ఎవరు పెట్టారో, ఎందుకో తెలీదు.
"ఆవేళ చిల్లర లేదేమో," అన్నాడు ఆచారి.
అల్యూమినియం గొట్టంలో పడేసి మూత బిగించాడు.

పోటు ఎక్కినాక నీళ్ళలోకి తోశాం.
చెప్పులు మారిన మనిషిలా
రెండడుగులు తడబడి, తర్వాత ఒక్క విసురు.
నాన్న చుక్కాని దగ్గర కూర్చుని
కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలీక అటూ ఇటూ కదిలాడు.
నావ ఒరిగినప్పుడల్లా గొట్టంలో టకటక.
నా గీతల్లో ఆ చప్పుడు లేదు.

మడచెట్లు దాటాక అమ్మకి చెప్పాను, దించమని.
ఎడమచేత్తో లాగింది. చాప ముడుచుకుంటూ
సర్రున జారి ఒళ్ళో పడింది.
రెండోచేత్తో చెంపమీది జుట్టు తోసుకుంది.
"ఇంతేనా?" అంది.
ఎవరూ ఏమీ అనలేదు.
నాన్న తన ఎనిమిది వేళ్ళకేసి చూసుకున్నాడు,
తర్వాత నీళ్ళకేసి.
"ఈ తాడు రంగు బాలేదు," అంది అమ్మ,
ఎవర్నీ అడక్కుండా చాప మళ్ళీ ఎత్తింది.

చీలిక పక్కనించి సన్నగా నీళ్ళొస్తున్నాయి.
లోవరాజు చెంబుతో తోడుతున్నాడు.
కాగితం వెనక్కి తిప్పి
ఆ చోటు గుర్తుపెట్టుకున్నాను.