మలుపులో వణుకు

మాధవరం లారీ యార్డులో పొద్దున ఆరున్నరకి
ఇళంగో చెప్పాడు, సగం తమిళం సగం తెలుగు:
"నేరా పోతే ఏమీ లేదన్నా, తిప్పితేనే
వెనక ఎవరో పళ్లు కొరుకుతున్నట్టుంది."

ముందు కమాను కట్టల్ని అనుమానించాను.
యూ బోల్టులు బిగించాను. షాఫ్టు క్రాసు ఊపి చూశాను.
కాదు.

"ఎనిమిది అంకె వెయ్" అన్నాను.
ఖాళీ బండి యార్డంతా ఎనిమిదులు దిద్దింది,
కొత్తగా బలపం పట్టిన పిల్లాడిలా.
నేను తల వంచి పక్కనే నడిచాను.
కుడికి తిరిగితే గుడగుడ.
ఎడమకి తిరిగితే గుడగుడ, పైన ఒక టక్కు.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి,
లోపలిది ఆగి ఆగి నడవాలి.
ఆ రెంటికీ సర్దిచెప్పే నాలుగు చిన్న పళ్లచక్రాలు
హౌసింగు చీకట్లో ఉంటాయి.
తిన్నటి రోడ్డు మీద వాటికి పనే లేదు,
తడ దాకా, సూళ్లూరుపేట దాకా నిద్రే.

డ్రెయిన్ బోల్టు విప్పాను.
నూనెలో మాడిన తాలింపు వాసన.
అయస్కాంతానికి ఉక్కు గడ్డం మొలిచి ఉంది.
లోపలి వాషరు పూతరేకంత పల్చన.

"నూనె ఎప్పుడు మార్చారు?"
ఇళంగో ఓనరు వైపు చూశాడు.
ఓనరు ఫోను వైపు చూశాడు.

చీకటి పడ్డాక గేటు దగ్గర మలుపు తిరిగింది లారీ.
చప్పుడు లేదు.
అయినా ఇంకో నిమిషం అక్కడే నిలబడ్డాను
చెవి రోడ్డుకి అప్పగించి,
గోళ్ల సందుల్లో ఉక్కుపొడి మెరుస్తుంటే.