నల్లదారం వేళ

కోఠీ గుజరాతీ గల్లీలో
మెంతిగింజంత ఫొటోడయోడ్ కొన్నాను, పన్నెండు రూపాయలు.
"ఉల్టా పెట్టు, సీదా పెడితే పనిచెయ్యదు" అన్నాడు
కొట్టతను చిల్లర వెతుకుతూ.

ఉల్టానే పెట్టాను.
మైక్రోకంట్రోలర్ సున్నా నుంచి
వెయ్యీ ఇరవైమూడు దాకా లెక్కపెడుతుంది.
అంతకు మించిన ఎండ దానికి లేదు.

ట్యూబ్‌లైటు కింద అంకెలు కుదురుగా నిలవవు.
సెకనుకు వందసార్లు ఆరిపోబోయి మళ్లీ వెలుగుతోందట.
ఇన్నేళ్లూ దాని కిందే అన్నం తిన్నాను,
ఒక్కసారీ పట్టుకోలేదు.

గోడ అవతల బిల్కీస్ ఆపా మగ్గం.
ఆమె కిటికీకి ఎదురుగా నాలుగో అంతస్తు లేస్తోంది.
వైరు లాగి డయోడ్‌ను కిటికీ చువ్వకు కట్టాను.
పోయిన నెల సాయంత్రం నాలుగింటికి మూడొందల పది.
ఈ నెల నూట తొంభై.
"జరీ ఇంకాసేపు కుట్టొచ్చు బేటా,
నల్లదారం మాత్రం ఇక రేపే"
అని సూదిని దుపట్టా అంచుకు గుచ్చింది.
స్క్రీన్ చూశాను: నూట డెబ్బై నాలుగు.
మర్నాడు నూట డెబ్బై ఆరు.
ఆ మర్నాడు మబ్బు, మూడింటికే లేచింది.
నూట డెబ్బై అయిదు.

ప్రోగ్రాంలో హద్దు దగ్గర ఆ అంకె వేసి
పక్కన ఆమె పేరు రాశాను.

రాత్రి డయోడ్‌ను నల్లటేపుతో చుట్టాను.
అయినా నాలుగు.
రేకుల కప్పు కింద, ఏప్రిల్ ఉక్కకు, తొమ్మిది.
వేడెక్కితే చీకటి కూడా కాస్త లెక్కకొస్తుంది.

తెల్లారి అడిగింది: "నీ డబ్బా ఏమంటోంది?"
"నువ్వు చెప్పిందే."
"అయితే ఆ పైఅంతస్తు వాళ్లకూ చెప్పమను" అంది
సూదిలో దారం ఎక్కిస్తూ.