ఇరవై మూడో ప్రశ్న

రిజేలో ఆ వారమంతా వాన.
టీ ఫ్యాక్టరీ భోజనాల గదిలో
తడిసిన కోట్ల వాసన, వేయించిన చిన్న చేపల వాసన,
నా చేతిలో నూట ఇరవై కాగితాలు.

పేరు అక్కర్లేదని చెప్పాను.
వయసు, చదువు, ఆ కింద నాలుగు గళ్లు:
పెళ్లయింది, కాలేదు, విడిపోయారు, భర్త పోయారు.
"పోయినవాడు ఆయన, గీత నా మీదెందుకు?" అంది బిన్నాజ్.
ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు.

ఇరవై మూడోది ఇలా ఉంటుంది:
ఎదుటి మనిషి మనసు నోరు విప్పకముందే పసిగట్టగలను.
పక్కన ఐదు సున్నాలు,
అస్సలు లేదు నుంచి ఎప్పుడూ దాకా.

షుకూఫే తడుముకోలేదు.
ఐదో సున్నాని కాగితం చిరిగేంత గట్టిగా నింపింది.
ఎలా అని అడగకూడదు, అది నిబంధన.
అడిగాను.

"మెట్ల మీద బూట్లు.
మాది మూడో అంతస్తు. ఆయన మొదటిది దాటేలోపే
పిల్లల్ని పడుకోబెట్టాలో, సూపు వేడి చెయ్యాలో తెలిసిపోతుంది.
తాళంచెవి కన్నం కోసం తడుముకుంటే ఒక సంగతి.
ఒక్కసారికే దొరికిందా,
ఆ రోజే భయం."

గులిజార్‌కి నలభై ఆరు. రెండో గడి.
మూడో సున్నా మీద పెన్సిల్ ఆనించి కిటికీలోకి చూసింది.
"ఇంట్లో నేనూ పిల్లీ.
దాని మనసు తెలుసు, అదెప్పుడూ ఆకలే.
మనుషుల్నయితే ఏమైందని అడుగుతాను.
చెబితే వింటాను,
చెప్పకపోతే టీ పోస్తాను.
అడిగినందుకు ఎన్ని మార్కులమ్మాయ్?"

ఆ గడి నా దగ్గర లేదు.

బిన్నాజ్ ఆ ప్రశ్న ఖాళీగా వదిలేసింది.
వదలకూడదంటే
"ముప్ఫై ఏళ్లు ఒకే మొహం చదివాను.
ఇప్పుడు నాకు చదువొచ్చో రాదో
ఎవర్ని చూసి చెప్పను?" అని
గంట మోగకముందే లేచి ఏప్రన్ కట్టుకుంది.

రాత్రి లాడ్జిలో లెక్క వేశాను.
పెళ్లయినవాళ్ల సగటే ఎక్కువ.
దాంపత్యం మనసుకి పదును పెడుతుందని
మా ప్రొఫెసర్ ఒక వాక్యం ముందే రాసి ఉంచారు.
పదును అబద్ధం కాదు.
ఏ రాయి మీద నూరిందో పట్టికలో రాదు.

షుకూఫే కాగితం చిరుగుని
యంత్రం ఖాళీ అనుకుంది.
చేత్తో దిద్దాను: ఐదు.

అప్పుడు మెట్ల మీద ఎవరివో అడుగులు.
పెన్ను ఆగింది. ఊపిరి కూడా.
పక్కగది మనిషి.
మా నాన్న నడక కాదది.
కాదనుకున్నాకే తెలిసింది
ఇంతసేపూ నేను విన్నానని.

నా కాగితం నేనెప్పుడూ నింపలేదు.
నాదీ రెండో గడే.