రెండో శనివారం

నాకు పాత ఇళ్ళ పిచ్చి.
రెండో శనివారం వచ్చిందంటే
పులిహోర కట్టించుకుని, నోటుబుక్కు జేబులో దోపుకుని
ఎవరి మేడ గేటు తెరిచారా అని బయల్దేరతాను.
సున్నం గోడకి అరచెయ్యి ఆనిస్తే చాలు
ఏనాటిదో చెప్పేస్తాను.
అంటే, చెప్పేస్తాననుకునేవాణ్ణి.

ఈసారి ఊళ్ళోనే.
ఏటుకూరు రోడ్డు మీద, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు దాటాక
వెలిదండ్ల వారి బంగళా.
పెద్దాయన మనవలు జనానికి తెరిచారు,
మనిషికి ముప్పై, కెమెరాకి వంద.
ఇంట్లో తోడెవరూ లేరని
మా అత్తగారు సువార్తమ్మని కూడా ఎక్కించుకున్నాను.
స్కూటరు మీద ఓ పక్కకి కూర్చుంది,
జారిపోతాయని చెప్పులు ఒళ్ళో పెట్టుకుని.

గేటు దగ్గర ఆగిపోయింది.
"ఇటు నుంచా?"
ఇటే కదా మరి, టికెట్లు ఇచ్చేది.

మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు మమ్మల్ని తిప్పాడు.
బర్మా టేకు స్తంభాలు.
మేడ మెట్ల కింద సీమ పియానో:
"ఎవరూ ఎప్పుడూ వాయించలేదండీ,
చెదలే రెండుసార్లు వాయించాయి"
రోజూ చెప్పే జోకే అనుకుంటా, ముందే నవ్వేశాడు.
నేను రాసుకుంటున్నాను,
మద్రాసు టెర్రసు, దూలానికీ దూలానికీ జానెడు ఎడం.
ఆవిడ పైకి చూడలేదు.
అప్పుడే తుడిచిన గచ్చు మీద నడిచినట్టు
కాలివేళ్ళు ముడుచుకుని నడిచింది.

తోట వెనకాల.
ఫిబ్రవరికే పేలిపోయే గుంటూరు ఎండలో
వరసలు వరసలుగా గులాబీలు.
"అయ్యగారు బెంగుళూరు నుంచి అంట్లు తెప్పించి
సొంత చేత్తో పెంచారు.
చూడండి, ఒక్క పురుగుంటే ఒట్టు."

మా అత్తగారు వంగి
ఒక ఆకు వెనక్కి తిప్పింది.
"పేనుబంక," అంది.
"కషాయం ఆపేశారు."

ఏం కషాయం?
చెప్పింది, నాతో కాదు, ఆకుతో.
ఈనెలు తీశాక మిగిలిన పొగాకు కాడలు
గంగాళంలో రాత్రంతా నానేసి,
తెల్లారి బట్టల సబ్బు తురిమి కలిపి,
పాత చీరముక్కలో వడకట్టి
గోడ మీంచి బిందె అందించేవాళ్ళట.
అందుకునేది మాలీ అంకయ్య.
అతని చేతులు తెలుసట, మొహం తెలీదట.
"గోడ ఇక్కడుండేది."
గడ్డిలో ఇటుకల వరస, కాలితో చూపించింది.
దానికి అవతల గ్రేడింగు షెడ్డు,
ఇప్పుడు కార్లు నిలిపే చోటు.
పద్నాలుగేళ్ళు ఆ గోడ పక్కనే కూర్చుందట.
ఇరవై రెండేళ్ళ అల్లుణ్ణి నేను.

"వాసన బట్టి ఎర్రవనుకున్నా," అంది.
"పసుపువా!
మన ఆకు రంగే."

ఇక మొదలుపెట్టింది.
ఇది ఒకటో నంబరు. ఇదీ ఒకటే.
ఇది రెండు, అంచు కాస్త నలిగింది.
ఇది మూడులోకి పోద్ది, మచ్చ చూడు.
ఒక్కదాన్నీ తాకలేదు.
వేలు మాత్రం గాల్లో
చకచకా కదిలింది, కుప్పలు పెడుతున్నట్టు.
కుర్రాడు కార్డు తిప్పుకుంటూ నిలబడ్డాడు.
నా పెన్ను మూత తీసే ఉంది.

అయిదింటికి వాచ్‌మన్ రైలు పట్టా ముక్క మీద కొట్టాడు,
ఠంగున.
అందరం గేటు వైపు కదిలాం.
ఆవిడ వాచ్‌మన్ ముందు నిలబడి
నడుం దగ్గర దోపిన కొంగు లాగి
రెండు చేతులా పరిచి, దులిపి చూపించింది.
వాడు నా వైపు చూశాడు.
నేను టికెట్ల వైపు చూశాను.
"దుమ్ము," అంది ఆవిడ,
కొంగు మళ్ళీ దోపుకుంటూ.

శంకర్ విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం.
వెనక నుంచి, ఉన్నట్టుండి:
"ఆ పెట్టె ఎవరూ వాయించలేదన్నాడే ఆ అబ్బాయి,
వాయించారు.
ఒక వానాకాలం, నాలుగు రోజులు."
ఎవరు?
"ఏమో.
గోడవతల గదా."