నొప్పుల పద్దు

టైర్ల కొట్టు పైన మా లాయరాఫీసు.
కింద మిషను బోల్టులు విప్పుతుంటే
పైన నా టేబుల్ మీద స్టేప్లర్ వణుకుతుంది.

రొసెండో ఆర్చులెటా ఆ మెట్లెక్కడానికి
పదకొండు నిమిషాలు పట్టింది.
లెక్కపెట్టాను. లెక్కపెట్టడమే నా ఉద్యోగం.

సంచిలో హెల్మెట్,
ఎడమ చెంప మీద తారు గీకిన గీత.
తోలు కోటు, అంబులెన్సులో నిలువునా కత్తిరించింది.
"ఉతకలేదు," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.
"ఉతక్కండి!" అన్నాం ఒక్కసారే
నేనూ, లాయరు ప్రెడోవిచ్చూ.

పోలీసు రిపోర్టులో
పికప్ నడిపినతని వాంగ్మూలం రెండే మాటలు:
నేను చూడలేదు.
ముప్పైయేళ్ళు ఉక్కు మిల్లులో వెల్డింగు చేసిన మనిషిని,
ఎర్రటి బండిని, వెలుగుతున్న దీపాన్ని,
మిట్టమధ్యాహ్నం, ప్యూబ్లో ఎండలో,
ఎడమకి తిరుగుతూ చూడలేదు.
చూడకపోవడం పొరపాటట.
పొరపాటుకి ఒక పాలసీ నంబరుంటుంది.

ప్రెడోవిచ్ అతనికో నోటుబుక్కిచ్చింది.
ఏ రోజు ఏం చేయలేకపోయారో రాయండి,
నొప్పి పదికి ఎంతో వెయ్యండి.

మొదటి రోజు: గుండీలు పెట్టుకోలేకపోయాను. ఏడు.
నాలుగో రోజు: తుమ్ము వచ్చింది. ఏడ్చాను.
పంతొమ్మిది: చర్చిలో మోకరిల్లలేదు.
దేవుడేమీ అనుకోలేదు, పక్కావిడ అనుకుంది.
అరవై రెండు: పదికి ఎంత అంటారు.
ఎవరి పదికి?

నేను టైపు చేస్తూ పోయాను.

బీమా కంపెనీ ఉత్తరం రాసింది,
తప్పులో ఇరవై శాతం మీదే అని.
ఎందుకో నాలుగు పేరాలు చెప్పింది.
రెండు చక్రాల మీద కూర్చోవడమే
ఆ ఇరవై అని నాకు అర్థమైంది.

నూట నలభై మూడో రోజు సెప్టెంబరు.
రోడ్డు పక్క ఇనప పీపాల్లో
పచ్చిమిరపకాయలు కాలుస్తున్న వాసన.
కిటికీ తెరిచే ఉంచాం అని మొదలుపెట్టి
ఇలా రాశాడు:
మనవరాలు నయేలి నా వాకర్‌ని బండి చేసుకుని
గోడకి గుద్దింది.
"చూడలేదు," అంది.
నవ్వాను. ఈ రోజు నొప్పి గుర్తులేదు.

నా వేళ్ళు ఆగిపోయాయి.
ఈ ఒక్క కాగితం లేకపోతే,
అనుకున్నానే గాని పైకి అనలేదు.
ప్రెడోవిచ్ తల ఎత్తకుండానే అంది:
"అన్నీ టైపు చెయ్యి.
చింపిన కాగితం చప్పుడు డెన్వర్‌దాకా వినిపిస్తుంది."

డెన్వర్ నుంచే వచ్చాడు బీమా మనిషి.
కుర్రవాడు, కొత్త టై.
రెండొందల పదకొండు పేజీల్లో
ఒక్క పేజీకే పసుపు చీటీ అంటించి తెచ్చాడు.
"నొప్పి గుర్తులేదని మీరే రాశారు."

రొసెండో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"అవును బాబూ. ఎంతసేపో రాయాల్సింది.
గంటన్నర.
ఇప్పుడు మొదటి పేజీ నుంచి చదువు.
పైకి చదువు."

చదివాడు పాపం.
గుండీలు చదివాడు.
తుమ్ము దగ్గర నీళ్ళు అడిగాడు.

డబ్బు వచ్చింది.
ముందు ఆసుపత్రి చెయ్యి చాపింది,
వెనకనే ఆరోగ్య బీమా,
మూడోవంతు మాది,
నేను తీసిన జిరాక్సులు కూడా, పేజీకి ఇన్ని సెంట్లని.
మిగిలింది
ఒక కొత్త పికప్ ధరకి కాస్త తక్కువ.

చెక్కుని రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"ఆ కోటు ఇచ్చేస్తారా?"
కత్తిరించిన కోటుతో ఏం చేస్తారని అడగలేదు.
సాక్ష్యం నంబరు చీటీ పీకి ఇచ్చాను.
నోటుబుక్కులో ఇంకా ముప్పై కాగితాలు ఖాళీ,
పారెయ్యడమెందుకని అదీ పట్టుకెళ్ళాడు.

దిగడానికి తొమ్మిది నిమిషాలు.
మధ్యలో ఎక్కడో గమనించాను,
స్టేప్లర్ కదలడం లేదు.
కింద టైర్ల కుర్రాళ్ళు మిషను ఆపేసి
గోడవారగా నిలబడ్డారు,
అతను దాటేదాకా.

వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.