ఇతర వివరాలు

పొద్దున ఎనిమిదింటికి కొలకర్ర దగ్గరికి వెళ్తాను.
తెల్ల రంగు కర్ర, నల్ల గీతలు.
నిన్న నలభై ఒకటి, ఇవాళ యాభై మూడు.
వేలితో మంచు ఊడ్చి మళ్ళీ చూస్తాను.
ఇంత తెలుపులో
నా కంటి మీద నాకే నమ్మకం ఉండదు.

గాలి: లేదు.
మబ్బు: కొండల నడుము దాకా దిగింది.
చలి: సున్నాకి కింద ఇరవై ఏడు.
ఇవి రాసినందుకే నాకు జీతం పంపుతారు
నారిన్ పట్నంలో, నా మొహం ఎరగనివాళ్ళు.

రిజిస్టర్లో చివరి గడి పేరు ఇతర వివరాలు.
బొటనవేలంత వెడల్పు.
పన్నెండు చలికాలాలుగా అందులో
అడ్డగీత గీసి ఊరుకున్నాను.

రాత్రి ఓ నక్క మా కోళ్ళగూటి చుట్టూ
రెండుసార్లు తిరిగి, మూడోసారి మనసు మార్చుకుని
ఏటివైపు పోయింది.
అడుగులన్నీ ఒకే వరస, కుట్టుపనిలా.
ఒక్కచోట దారం తెగింది:
మూతి దూర్చిన గుంట,
పక్కన కందిగింజంత నెత్తురు.
ఎలుకకి అంతటితో చలికాలం అయిపోయింది.

అటు ఏటి మీద జుమకదిర్
గునపంతో గడ్డ పగలేస్తున్నాడు.
పోటు ముందు కనిపిస్తుంది,
చప్పుడు తర్వాత నడిచొస్తుంది,
ఆ వెనకాలే ఆయన తిట్టు.
మీసాలకి మంచు పట్టిన గుర్రాలు
పెళ్ళి భోజనానికి పిలుపు ఆలస్యమైన పెద్దమనుషుల్లా
ఓపిగ్గా నిలబడ్డాయి.
నీళ్ళు నల్లగా పైకి ఉబికి
పొగలు కక్కాయి.

బుర్మాకాన్ పిడకల గోడని
ఆ చివర నుంచి విప్పుకొస్తోంది.
ఎండలున్నన్నాళ్ళూ పేర్చిన గోడ
ఇప్పుడామె నడుమెత్తు.
"ఇది మోకాలికి దిగేలోపు గడ్డి మొలవాలి" అంటుంది.
"మొలవకపోతే మా బల్ల విరగ్గొట్టి పొయ్యిలో పెడతా,
ఆ తర్వాత నీ కర్ర."
నవ్వదు.
నా కర్ర మీద చలికాలం పైకి ఎక్కుతుంది,
ఆమె గోడ మీద కిందికి దిగుతుంది.
ఎవరి లెక్క నిజమో అని ఊరివాళ్ళనడిగితే
నా వైపు చూడను కూడా చూడరు.

ఆ రాత్రే ఆమె కోడలు జీపార
లాంతరు లేకుండా పరిగెత్తుకొచ్చింది.
నెలలు నిండకుండానే ఆవు ఈనింది,
దూడ మంచులో పడిపోయింది,
తడి ఇంకా ఆరకుండానే ఒంటి మీద గడ్డ కడుతోంది.
నేను తొడుక్కున్నది సర్కారువారి కోటు,
గొర్రెతోలు, ఇత్తడి బొత్తాలు, నంబరు కుట్టినది.
దాన్లోనే చుట్టాం.
పొయ్యి ముందు కూర్చుని
దూడ చెవులు రెండూ నా గుప్పిళ్ళలో పట్టుకున్నాను,
చలి మొదట కొరికేది చెవులనే కాబట్టి.
బుర్మాకాన్ ఏమీ లెక్కచూడకుండా
పిడక మీద పిడక వేసింది.
ఒక రాత్రిలో గోడ రెండు వరసలు తగ్గింది.

రెండింటి కొలత తీసుకోలేదు.
అయిదింటిదీ తీసుకోలేదు.
బయట ఏం కురిసిందో, ఎంత కురిసిందో
ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

తెల్లారాక ఆ రెండు గడులూ ఖాళీగా వదిలి
చివరిదాన్లో ఇరికించి రాశాను:
ఎర్ర దూడ. చెవులు దక్కాయి.

పదింటికి ఫోను మోగింది.
గరగరల మధ్య పట్నం గొంతు
ఏదో పెద్ద రూలు చదవబోయి ఆగింది.
నేనూ ఆగాను.
తీగ మీద గాలి మాత్రం నడిచింది కాసేపు.
"ఆడదా, మగదా?" అన్నాడు.
"ఆడదే."
"అయితే సరే" అని పెట్టేశాడు.

కోటు ఇంకా పాలవాసన కొడుతోంది.
ఎనిమిదింటిది పదింటికి చూశాను:
అరవై.
నక్క అడుగుల మీద కొత్త మంచు,
గుర్రాల మీద, గోడ మీద కూడా.
కర్ర పక్కనే ఒక జెముడుకాకి
తోకతో గీత గీసి ఎగిరిపోయింది,
ఏ అంకె దగ్గరా కాదు.